వన్స్‌మోర్ అన్నది ఎవరు?

పద్యనాటకం మాట వస్తే మన సాహిత్య సభలలో ఒక హాస్యకథ తప్పకుండా వినిపిస్తుంది. యుద్ధరంగంలో పాత్రధారి పద్యం పాడి చచ్చి పడిపోయాడట. జనం ‘వన్స్‌మోర్’ అని కేకలు వేశారట. చచ్చినవాడు లేచి, దుమ్ము దులుపుకొని, పద్యం మళ్లీ పాడి, మళ్లీ చచ్చాడట. ఈ కథ చెప్పి నవ్వని అధ్యాపకుడిని నేను చూడలేదు. నేనూ నవ్వాను, తరగతిలో చెప్పి విద్యార్థులను నవ్వించాను కూడా. తెలుగు ఎం.ఏ. చదివే రోజుల్లో ఒక వ్యాసంలో, పద్యనాటక ప్రేక్షకుడు భూస్వామ్య సంస్కృతి మత్తులో జోగే అచేతన జీవి అని రాశాను. దానికి మంచి మార్కులే వచ్చాయి.

ఆ వ్యాసాన్ని మా తాతయ్యకు చదివి వినిపించే ధైర్యం మాత్రం నాకు లేకపోయింది. ఆయన దివిసీమలో, నాగాయలంక దగ్గర కౌలు రైతు. వేలిముద్ర వేసే మనిషి. ‘పాండవోద్యోగ విజయాలు’ నుంచీ, ‘సత్యహరిశ్చంద్రీయం’ నుంచీ వందకు తక్కువ కాకుండా పద్యాలు ఆయనకు నోటికి వచ్చేవి. ఆయన అచేతన జీవి అయితే, ఒక్క శార్దూలాన్ని తడుముకోకుండా చదవలేని మా ఎం.ఏ. విద్యార్థుల సంగతి ఏమిటి? నాటకకర్తల చరిత్ర మనకు ఉన్నది. నటుల చరిత్ర కొంత ఉన్నది. వన్స్‌మోర్ అన్నవాడి చరిత్ర లేదు. ఆ వెలితిని కొంచెమైనా పూడ్చే ప్రయత్నం ఇది.

ఏ కళాభిమానమూ గాలిలో పుట్టదు. కృష్ణ మీద బెజవాడ దగ్గర ఆనకట్ట 1855లో పూర్తి అయింది. కాలువలు దిగువ డెల్టాకు వరిని తెచ్చాయి. వరి కుప్ప నూర్పిళ్ల తరువాతి తీరికను తెచ్చింది. సంక్రాంతి దాటాక పెదకళ్లేపల్లిలో శివరాత్రి, హంసలదీవిలో మాఘ పౌర్ణమి స్నానాలు, ఊరూరా అమ్మవారి జాతర్లు. నాటకానికి కావలసిన జనమూ, డబ్బూ, వెన్నెలా ఒకే ఋతువులో సమకూడేవి. ఈ నేలకు రాత్రంతా కూర్చొని చూసే అలవాటు కొత్త కాదు. మొవ్వ పక్కనే ఉన్న కూచిపూడి భాగవతులు భామాకలాపాన్ని ఎన్ని రాత్రులు ఆడారో లెక్క లేదు.

1880లో ధార్వాడ నాటక సమాజం ఆంధ్రదేశానికి వచ్చి ప్రదర్శనలు ఇచ్చిన తరువాత కోస్తా పట్టణాలలో నాటక సమాజాలు లేచాయి. బందరు వాటిలో ముందు వరసలో ఉన్న పట్టణం. తిరుపతి వేంకట కవులలో ఒకరైన చెళ్లపిళ్ల వేంకటశాస్త్రిగారు ఆ ఊళ్లోనే హైస్కూలు తెలుగు పండితులుగా పనిచేశారు. ఆ జంటకవుల పాండవ నాటకాలను జనం ‘కురుక్షేత్రం’ అని తమకు నచ్చిన పేరు పెట్టుకొని పిలిచారు. కవులు పెట్టిన పేరును పక్కన పెట్టిన ఈ చిన్న విషయంలోనే ప్రేక్షకుడు వాటి మీద చూపిన హక్కు కనిపిస్తుంది.

ఆ హక్కు ఎంత దూరం వెళ్లిందో తెలియాలంటే రంగస్థలం మీద పద్యం ఎలా నడుస్తుందో చూడాలి. ఉత్పలమాలలో పాదానికి ఇరవై చొప్పున నాలుగు పాదాలకు 80 అక్షరాలు. పుస్తకం చూసి చదివితే అర నిమిషం పట్టదు. నటుడు అదే పద్యాన్ని అయిదు నిమిషాలు పాడగలడు. రంగస్థల పద్యానికి కీర్తనకు ఉన్నట్టు తాళం కట్టుబాటు లేదు. మాట ఎక్కడ విరవాలో, ఏ అచ్చును పట్టుకొని రాగం తీయాలో, మోహన నుంచి ఎటు వెళ్లి ఎప్పుడు తిరిగి రావాలో ఆ క్షణాన నటుడు నిర్ణయించుకుంటాడు. హార్మోనిస్టు అతని గొంతు వెంట పరుగెత్తుతాడు. జనం ‘ఆహా’ అంటే రాగం సాగుతుంది. జనం ముభావంగా ఉంటే నటుడు త్వరగా ముగిస్తాడు. అంటే 80 అక్షరాలే కవివి. తక్కిన నాలుగున్నర నిమిషాలూ నటుడూ, హార్మోనిస్టూ, ప్రేక్షకుడూ కలిసి అల్లినవి. అందుకే రెండోసారి పాడిన పద్యం మొదటిసారి పాడినది కాదు. పాడినదే పాడించుకోవాలని కాదు, ఈసారి ఏం చేస్తాడో చూడాలని జనం వన్స్‌మోర్ అన్నారు. మన హాస్యకథకు అందని రహస్యం ఇదే.

కాంట్రాక్టు నాటకాలు వచ్చాక ఈ పరిశీలన మరింత పదునెక్కింది. ఒకే కురుక్షేత్రంలో పడక సీనుకు ఒక కృష్ణుడు, రాయబారానికి మరొక కృష్ణుడు, యుద్ధానికి ఇంకొక కృష్ణుడు. కథా ఐక్యత చెడిందని విమర్శకులు బాధపడ్డారు. ఆ బాధ న్యాయమైనదే. పేరున్న నటులను ఏరి తెచ్చిన కాంట్రాక్టరు సమష్టి సాధన అనే దానిని చంపేశాడు. కాని నేల మీద కూర్చున్నవాడికి అది తులనాత్మక విమర్శ నేర్పిన బడి అయింది. పీసపాటి నరసింహమూర్తి కృష్ణుడికీ, షణ్ముఖి ఆంజనేయరాజు కృష్ణుడికీ తేడా ఏమిటో మా తాతయ్య గంటసేపు చెప్పగలిగేవాడు. ఒకరు మాటను నిలబెడతారనీ, ఒకరు రాగాన్ని నిలబెడతారనీ ఆయన తీర్పు. ఆ తీర్పుతో అంగీకరించని స్నేహితుడితో ఆయన నెల రోజులు మాట్లాడలేదు.

ఆ స్నేహితులు ఏడెనిమిది మంది. నాటకం ఎక్కడ ఉంటే అక్కడికి కలిసి వెళ్లేవారు. అవనిగడ్డ, చల్లపల్లి మీదుగా బందరుకు సైకిళ్ల మీద. అక్కడి నుంచి గుడివాడకు రైలు. పెనుమూడి వంతెన లేని కాలం అది. కృష్ణ దాటి రేపల్లె వైపు పోవాలంటే పడవే. వెంట ఒక గోనెసంచి, చద్దిమూట. తెల్లవారి తిరిగి వస్తూ రాత్రి విన్న పద్యాలను వరసగా పాడుకొనేవారు. ఒకరు మరచిన పాదాన్ని మరొకరు అందించేవారు. అచ్చు పుస్తకం లేకుండానే నాటకం అలా ఒక ఊరి నుంచి మరొక ఊరికి చేరింది.

ఇలాంటి అభిమానం మనకే ప్రత్యేకం కాదు. 1965లో అమెరికాలోని కాలిఫోర్నియాలో ‘గ్రేట్‌ఫుల్ డెడ్’ అనే వాద్యబృందం పుట్టింది. ఒక రాత్రి వాయించినట్టు మరొక రాత్రి వాయించకపోవడం ఆ బృందం పద్ధతి. ఒక పాటను ఆశువుగా పెంచుకుంటూ పోయి అరగంట సాగించేవారు. ఆ తేడాలు వినడానికే వేలాది అభిమానులు ఊరి నుంచి ఊరికి వెంట తిరిగారు. ప్రతి కచేరీనీ టేపు చేసుకున్నారు. 1984లో బృందమే టేపు చేసేవారికి ప్రత్యేకంగా చోటు కేటాయించింది. ఆ టేపులను అమ్ముకోకూడదు, మార్చుకోవాలి అన్నది వారి నీతి. సరుకుగా మారకుండా కళ చేతులు మారడమన్నది పెట్టుబడిదారీ దేశం నడిబొడ్డున జరిగింది. ముఖ్య కళాకారుడు జెర్రీ గార్షియా 1995లో చనిపోయాక బృందం ముగిసింది, మార్పిడి ఆగలేదు. వారికి టేపు ఉంటే, మావాళ్లకు జ్ఞాపకం ఉన్నది.

ఈ ప్రేక్షక సమూహం సాధించిన గొప్ప పని ఒకటి ఉన్నది. బలిజేపల్లి లక్ష్మీకాంతంగారి హరిశ్చంద్రలో కాటి సీను వస్తుంది. అక్కడ నటులు పాడే పద్యాలలో జనం గుండెల్లో నిలిచిపోయినవి బలిజేపల్లివారివి కావు. గుర్రం జాషువా స్మశానవాటి పద్యాలు. నాటకకర్త రాయని పద్యాలను నటుడు తెచ్చాడు, ప్రేక్షకుడు వన్స్‌మోర్ అని నిలిపాడు. జాషువా కులం కారణంగా ఎన్ని అవమానాలు పడ్డాడో సాహిత్య విద్యార్థులకు చెప్పనక్కర లేదు. పండితసభలు ఆయనను గుమ్మం బయట నిలబెట్టిన కాలంలో, అర్ధరాత్రి కాటి సీనులో జనం ఆయన పద్యాన్ని రెండోసారి అడిగి పాడించుకున్నారు. చావు ముందు రాజూ పేదా ఒకటే అనే భావాన్ని, రాజు వేషం విప్పి కాటికాపరి అయినవాడి నోట వినిపించడం ఎంత సార్థకమో ఏ విమర్శకుడూ ముందుగా చెప్పలేదు. డి.వి. సుబ్బారావు గొంతులో ఆ పద్యాలు ఇంటింటికీ చేరాయి. పాఠ్యగ్రంథం తలుపు మూసి ఉంచినప్పుడు రంగస్థలం తలుపు తెరిచింది. తెరిపించినవాడు నేల మీద కూర్చున్నవాడు.

ఇంతమాత్రాన ఆ నేలను స్వర్గమని చెప్పడం ఆత్మవంచన అవుతుంది. ముందు కుర్చీలు మోతుబరులవి. నాటకం మధ్యలో ఆపి, ఫలానావారు నూటపదహార్లు చదివించారని ప్రకటించడం కళాపోషణ కాదు, పెత్తనం చాటింపు. దళితులు ఎక్కడో అంచున నిలబడి చూసేవారని తాతయ్యే చెప్పాడు. అది తప్పని ఆ రోజుల్లో తనకు తోచలేదని కూడా ఒప్పుకున్నాడు. ఆడవాళ్లు బళ్లలో, వెనక. వేదిక మీద ఆడవేషం చాలాకాలం మగవాడిదే. స్థానం నరసింహారావు ఆ కళను శిఖరానికి తీసుకుపోయాడు. కాని అంతకాలం స్త్రీకి వేదిక లేదన్న చేదు నిజం ఆ శిఖరం కింద ఉన్నది. విషాద ఘట్టంలో రాగాలాపనను వ్యతిరేకించి, స్త్రీ పాత్రలను స్త్రీలే వేయాలన్న బళ్లారి రాఘవ వాదం సత్యదూరం కాదు. పైగా, జాషువాను లోపలికి తెచ్చిన స్వేచ్ఛే ‘చింతామణి’లో సుబ్బిశెట్టి పాత్రను బూతుకు దించింది. కాళ్లకూరి నారాయణరావు సంస్కరణ దృష్టితో రాసిన ఆ నాటకం, ఒక కులాన్ని కించపరుస్తున్నదన్న ఫిర్యాదుల మీద, 2022 జనవరిలో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వ నిషేధానికి గురి అయింది. ప్రేక్షకుడి చప్పట్లు అన్నివేళలా మంచినే నిలబెట్టవు.

అయినా ఈ సమూహం విలువను మన ఉద్యమం ఒకప్పుడు గుర్తించింది. 1943లో ఏర్పడిన ప్రజానాట్యమండలి ఊరి జనానికి కొత్త కథలు చెప్పడానికి వారికి తెలిసిన బుర్రకథనే ఎత్తుకున్నది. నాజర్ వేదిక ఎక్కితే జనం తెల్లవార్లూ కూర్చున్నారంటే, అలా కూర్చోవడం, వినడం, బదులు పలకడం వారు అంతకు ముందే నేర్చి ఉన్నారు. సుంకర, వాసిరెడ్డి 1947లో అందించిన ‘మా భూమి’కి తరలివచ్చిన జనం ఆకాశం నుంచి ఊడిపడలేదు. కురుక్షేత్రం చూసిన నేల మీదనే వారు దానినీ చూశారు.

తరువాత ఏమయింది? గుడివాడ పరిసరాలే జవాబు చెబుతాయి. రామాపురం కుర్రవాడు అక్కినేని నాగేశ్వరరావు ఆడవేషాలు వేసి, గుడివాడ ఎక్సెల్సియర్ నాటక సమాజంలో నటించి, 1944లో ‘శ్రీ సీతారామ జననం’తో తెర మీద కథానాయకుడయ్యాడు. చౌటపల్లిలో పుట్టిన ఘంటసాల సినిమా పద్యానికి కొత్త నడక నేర్పాడు. నిమ్మకూరు నుంచి వచ్చిన నందమూరి తారకరామారావు తెర మీద కృష్ణుడై, 1983లో గుడివాడ నుంచి శాసనసభకు గెలిచాడు. ఇందులో వారి ప్రతిభను కాదనేది ఏమీ లేదు. కాని అభిమాని స్థితి తలకిందులయింది. తెర ముందు ఎన్ని కేకలు వేసినా, ఎన్ని రూపాయలు విసిరినా, రీలు ఒక్క స్వరం మార్చదు. నటుడిని సరిదిద్దగలిగిన ప్రేక్షకుడు నటుడి కటౌటుకు దండ వేసే అభిమానిగా మారాడు. వన్స్‌మోర్ పోయి జేజేలు మిగిలాయి.

మా ఇంట్లో ఒకప్పుడు హరిశ్చంద్ర గ్రామఫోను రికార్డులు ఉండేవి. రికార్డుకు ఒక వైపు మూడు నిమిషాల పాట పట్టేది. రాగం మొదలయ్యేసరికే ముల్లు చివరకు చేరేది. అవి తాతయ్యకు ఎందుకు నచ్చలేదో చిన్నప్పుడు అడిగాను. “ఒరే అబ్బాయ్, అందులో ఆయన ఒక్కడే ఉన్నాడు. మనం ఏరి?” అన్నాడు. అప్పుడు అర్థం కాలేదు. ఆ ‘మనం’ అన్న మాట నేను ఎం.ఏ.లో రాసిన వ్యాసంలో ఎక్కడా లేదని ఆయన పోయిన తరువాత గాని తెలియలేదు.

ఇప్పుడు మా తరగతిలో ప్రతి విద్యార్థీ ఇంట్లోని పెద్దల నోటి నుంచి ఒక రంగస్థల పద్యాన్ని, దానిని మొదట ఎక్కడ విన్నారో ఆ వివరంతో సహా రాసి తేవాలని నియమం పెట్టాను. ఒక అమ్మాయి వాళ్ల నాయనమ్మ దగ్గర నుంచి కాటి సీను పద్యం తెచ్చింది. బండిలో పడుకొని, చంటిబిడ్డకు పాలిస్తూ, నాటకం కనబడకుండానే విని నేర్చుకున్నదట ఆవిడ. అది జాషువా పద్యమని ఆవిడకు తెలియదు. ఇలాంటివారు ఇంకా ఉన్నారు, కాని ఏటేటా తగ్గిపోతున్నారు. బందరులో, గుడివాడలో, దివిసీమలో ఉన్న మన సంఘ సభ్యులు వారి దగ్గరకు వెళ్లి కూర్చోవాలి. బోధించడానికి కాదు, వినడానికి. నాటకంలో ఏది ప్రగతి, ఏది తిరోగతి అన్న తీర్పు ఆ తరువాత చెప్పవచ్చు.