పేరు పెట్టని హత్యలు: రువాండా, 1994

ఈ భాగంలో రువాండా గురించి చెప్పుకుందాం.

1930లలో బెల్జియం వలస పాలకులు అక్కడి జనం గుర్తింపు కార్డుల మీద హుటూ, టుట్సీ అని రాశారు. 1994 ఏప్రిల్‌లో హంతకులు రోడ్లకు అడ్డంగా నిలబడి, ఆ కార్డులే చూసి టుట్సీలను నరికారు. రేడియో వాళ్లను బొద్దింకలంది. వంద రోజుల్లో సుమారు 8 లక్షల ప్రాణాలు పోయాయి.

అమెరికాకు తెలియక కాదు. 'జాతి హననం' అంటే ఏదో ఒకటి చెయ్యాల్సి వస్తుందని వారాల తరబడి ఆ మాటే దాటేసింది. ఏప్రిల్ 21న శాంతి సైన్యాన్ని 270 మందికి తగ్గించిన భద్రతా మండలి ఓటులోనూ ఉంది. దాన్ని సరైన పేరుతో వెంటనే పిలవలేదని 1998లో క్లింటన్ కిగాలీలో ఒప్పుకున్నాడు.

వాడల మీద దాడిని 'ఘర్షణ' అని రాస్తే చదివిన వాళ్లం మనం. పేరు పెట్టకపోతే బాధ్యతా ఉండదు. అందుకే పేరు పెట్టించడమే మొదటి పోరాటం.