సికింద్రాబాద్ రమ్మీ, సర్కారు లాటరీ

1963 మే 4న సికింద్రాబాద్‌లోని క్రెసెంట్ రిక్రియేషన్ క్లబ్ మీద పోలీసులు దాడి చేశారు. లోపల కొంతమంది పేకాడుతున్నారు. బల్ల మీద ముక్కలు, కౌంటర్లు, డబ్బు. ఆడుతున్నది రమ్మీ. పెళ్లి విడిదిలో అర్ధరాత్రి దాకా మన మామయ్యలు, బాబాయిలు ఆడే ఆటే.

సికింద్రాబాద్ మేజిస్ట్రేట్ శిక్ష వేశాడు. సెషన్స్ జడ్జి ఆ శిక్ష నిలవదంటూ హైకోర్టుకు నివేదించాడు. హైకోర్టు కేసు కొట్టేసింది. అక్కడితో అయిపోవాల్సింది. కానీ ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం వదల్లేదు, సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. ఒక క్లబ్బులో నాలుగు చేతుల రమ్మీ కోసం ఢిల్లీ వరకు వెళ్లిన ఆ పట్టుదల ముచ్చటేస్తుంది. 1967 నవంబర్ 22న తీర్పొచ్చింది. రాసింది జస్టిస్ హిదయతుల్లా. కేసు పేరు స్టేట్ ఆఫ్ ఆంధ్రప్రదేశ్ వర్సెస్ కె. సత్యనారాయణ. ఆ తర్వాత దేశంలో ఎక్కడ రమ్మీ కేసు వచ్చినా లాయర్లు ముందు తీసేది ఈ తీర్పే.

అందరికీ గుర్తున్నది దీంట్లో సగమే. మూడు ముక్కలాట పూర్తిగా అదృష్టం, రమ్మీ అలా కాదు. ఏ ముక్క పడిందో గుర్తుపెట్టుకోవాలి, ఏది ఉంచాలో ఏది పారేయాలో తెలియాలి, కాబట్టి ప్రధానంగా నేర్పుతో ఆడే ఆట. ఇది మొదటి సగం. ఆన్‌లైన్ రమ్మీ కంపెనీలు ఏళ్ల తరబడి దీన్నే పట్టుకుని బతికాయి.

నాకు రెండో సగం ముఖ్యం. అప్పుడు అమల్లో ఉన్నది నిజాం కాలపు హైదరాబాద్ జూద చట్టం, 1305 ఫసలీ నాటిది. దాని ప్రకారం ఒక ఇల్లు జూదగృహం కావాలంటే అక్కడ ఆట జరిగితే చాలదు, ఆ ఇంటి యజమానికో నిర్వాహకుడికో దానివల్ల లాభం రావాలి. క్లబ్బు పేకాటకు వసూలు చేసే రుసుము లాభం కిందికి వస్తుందా? రాదంది కోర్టు. బిలియర్డ్స్‌కీ టెన్నిస్‌కీ తీసుకున్నట్టే దీనికీ తీసుకుంటారు, మరీ విపరీతంగా లేకపోతే తప్పు లేదంది. అయితే ఒక తలుపు తెరిచే ఉంచింది: పందెం కట్టి ఆడే ఆట మీద, అది రమ్మీయే అయినా సరే, యజమాని లాభం తీస్తున్నాడని రుజువైతే నేరం అవ్వచ్చు. అంటే ఆడేవాడు ఏం ఆడుతున్నాడన్నది ఎంత ముఖ్యమో, ఆడించేవాడి జేబులోకి ఎంత పోతోందన్నదీ అంతే ముఖ్యం.

సరిగ్గా అదే నవంబర్‌లో, కేరళ అవతరణ దినం నాడు, అక్కడి ప్రభుత్వం లాటరీ టికెట్లు అమ్మడం మొదలుపెట్టింది. (ఆ రోజు మనకూ అవతరణ దినమే.) ఈఎంఎస్ ముఖ్యమంత్రి, పి.కె. కుంజు ఆర్థికమంత్రి. టికెట్టు రూపాయి, మొదటి బహుమతి 50 వేలు, తొలి డ్రా 1968 జనవరి 26న. లాటరీలో నేర్పు ఏమాత్రం లేదు. ఆడించేవాడికి లాభం రావడమే దాని ఉద్దేశం. సికింద్రాబాద్ కొలతతో కొలిస్తే రెండు వైపులా దొరికిపోవాలి. దొరకలేదు, ఎందుకంటే అప్పటి భారత శిక్షాస్మృతి 294ఎ సెక్షన్ ప్రభుత్వ లాటరీని పక్కకు తప్పించే రాశారు. 1999లో బీఆర్ ఎంటర్‌ప్రైజెస్ కేసులో సుప్రీంకోర్టు దాచుకోకుండా చెప్పింది: రాష్ట్రం నడిపినా లాటరీ జూదమే. 1998 నాటి కేంద్ర లాటరీల చట్టం ఆ జూదానికి నియమాలు మాత్రం పెట్టింది: డబ్బు రాష్ట్ర ఖజానా ఖాతాలోనే పడాలి, డ్రా రాష్ట్రంలోనే తీయాలి, ఎవరూ అడగని బహుమతి సర్కారుకే చెందుతుంది.

మరి లాభం ఎంత? 2023-24లో కేరళ లాటరీ అమ్మకాలు 12,500 కోట్ల రూపాయలు దాటాయి. వినగానే కళ్లు తిరుగుతాయి. అందులో సగానికి పైగా బహుమతులకే పోతుంది, ఏజెంట్ల కమీషన్లు వేరే. చివరికి మిగిలే నికర లాభం వెయ్యి కోట్ల చుట్టుపక్కల. దాని మీద జీఎస్టీ ఉంది, 2025 సెప్టెంబర్ నుంచి 40 శాతం. ఇప్పటి 50 రూపాయల టికెట్టులో 14 రూపాయల 29 పైసలు పన్నే, అందులో సగం మళ్లీ కేరళకే. గెలిచినవాడి చేతికి వచ్చేదీ ప్రకటించినంత కాదు. 2022లో ఓనం బంపర్ 25 కోట్లు. ఏజెంటుకు పది శాతం, ఆదాయపు పన్ను 30 శాతం పోగా మిగిలింది 15 కోట్ల 75 లక్షలు. ఇక ప్రజాప్రయోజనం సంగతి. 2011లో మొదలైన కారుణ్య లాటరీ సొమ్ముతో పేదల వైద్యానికి నిధి పెట్టారు, కొన్న టికెట్టు ఎక్కడికి పోతోందో కనీసం పేరైనా ఉంది.

తెలంగాణకూ ఆంధ్రకూ ఇప్పుడు సర్కారు లాటరీ లేదు. కాగితం మీద లేదు, అంతే.

2023లో తెలంగాణలో 2,620 వైన్ షాపులకు దరఖాస్తులు పిలిచారు. ఒక్కో దరఖాస్తుకు 2 లక్షలు. షాపు రాకపోతే ఆ డబ్బు తిరిగి రాదు. ఒకే మనిషి ఎన్నయినా వేసుకోవచ్చు. లక్షా ముప్పై వేలకు పైగా వచ్చాయి. కలెక్టర్ సమక్షంలో చీటీ తీశారు. ఖజానాకు 2,600 కోట్లు దాటింది. 2025లో రుసుము 3 లక్షలు చేశారు. ఈసారి 95 వేల దాకా వచ్చాయి, షాపుకు సగటున 36. తక్కువ మంది ఆడారు గానీ రాబడి 2,800 కోట్లు దాటింది. లెక్క వేసి చూడండి: షాపు దక్కని దరఖాస్తుల సొమ్మే 2,700 కోట్ల పైన. ఆంధ్రలో 2024 అక్టోబర్‌లో 3,396 షాపులకు 90 వేల దాకా దరఖాస్తులు, 2 లక్షల చొప్పున దాదాపు 1,800 కోట్లు.

లైసెన్సు రెండేళ్లకు కాబట్టి తెలంగాణది ఏడాదికి 1,400 కోట్లు అనుకోవాలి. కేరళ ఏడాదంతా ఊరూరా టికెట్లు అమ్మించి, వేల కోట్లు బహుమతులిచ్చి మిగుల్చుకునే దానికన్నా ఇది ఎక్కువ. ఇక్కడ సర్కారు నగదు బహుమతి ఒక్క రూపాయి ఇవ్వదు. బహుమతి అంటే, ఏటా 50 లక్షల నుంచి కోటీ పది లక్షల దాకా మళ్లీ సర్కారుకే కట్టి సారా అమ్ముకునే హక్కు.

ఇది మధ్యవర్తులకూ పైరవీలకూ చోటు లేని పద్ధతి అంటారు. నిజమే. గౌడలకు 15 శాతం, ఎస్సీలకు 10, ఎస్టీలకు 5 శాతం షాపులు కేటాయించడం మంచిదే. కానీ చీటీ తీయడానికి 3 లక్షలు ఎందుకు? చీటీకి అయ్యే ఖర్చు ఎంత? రుసుము విపరీతంగా లేకపోతే తప్పు లేదని కోర్టు అన్నది ఓ పేకాట క్లబ్బు గురించి. ఆ మాట ఇక్కడ ఎవరూ అడగరు, ఎందుకంటే దీన్ని ఎవరూ ఆట అనరు. కారుణ్యలాగా ఈ సొమ్ముకు ఒక ఆసుపత్రి పేరు కూడా లేదు, ఎక్సైజ్ రాబడిలో కలిసిపోతుంది.

ఇక రమ్మీ సంగతి. 2017లో తెలంగాణ జూద చట్టాన్ని సవరించి, నేర్పు ఆటలకున్న మినహాయింపు డబ్బు పెట్టి ఆడే రమ్మీకి లేకుండా చేశారు. 2020లో ఆంధ్ర అదే దారి పట్టింది. 2025 ఆగస్టులో పార్లమెంటు చేసిన చట్టం ఆన్‌లైన్‌లో డబ్బుతో ఆడే ఆటల్ని నేర్పా అదృష్టమా అని చూడకుండా నిషేధించింది. ఆన్‌లైన్ రమ్మీలో ఇళ్లు గుల్లయిన కథలు మనందరి చుట్టూ ఉన్నాయి, ఆ నిషేధాలను నేను తప్పుపట్టను.

2025 అక్టోబర్ 27న తీసిన చీటీలతో దక్కిన లైసెన్సుల గడువు 2027 నవంబర్ 30తో తీరుతుంది. కొత్త దరఖాస్తులు అంతకు ముందే పిలుస్తారు. ఈసారి రుసుము ఎంతన్నది ఇంకా ప్రకటించలేదు.