తాతగారి పతకములు



మన పల్లెటూళ్లలో పాత భోషాణము మూత యెత్తినచో, దస్తావేజుల నడుమ గుడ్డలో ముడివేసిన రెండుమూడు బిళ్లలు ఒక్కొక్కప్పుడు కనబడును. “ఇవి తాతగారు పట్టాళములో సంపాదించినవి” అని యింటివారు చెప్పుదురు. ఏ పట్టాళము? ఏ దేశము? అని యడిగినచో బదులు చెప్పువారుండరు. ఆ బదులు చాలవఱకు ఆ బిళ్లలమీదనే యున్నది. దానిని చదువు విధమును మనవి చేసెదను.

1914 మొదలు 1918 వఱకు జరిగిన మొదటి ప్రపంచయుద్ధమున పది లక్షలకు మించిన భారతీయులు సముద్రము దాటిరి. 1939 మొదలు 1945 వఱకు జరిగిన రెండవ యుద్ధమున భారతసైన్యము ఇరువదియైదు లక్షలకు పెరిగెను. తెలుగువా రనేకులు ఈ సేనలలో నుండిరి. పశ్చిమ గోదావరి జిల్లాలోని మాధవరమునుండి పోయిన వారెంద ఱనగా, ఆ యూరికి మిలిటరీ మాధవరమను పేరు స్థిరపడినది.

మొదట బొమ్మను చూడుడు. ఒకవైపు అయిదవ జార్జి తల, రెండవవైపు గుఱ్ఱపురౌతు, 1914, 1918 అను అంకెలు ఉన్నచో అది మొదటి యుద్ధపు పతకము. రెక్కలుగల స్త్రీమూర్తి, ఇంద్రధనుస్సు రంగుల పట్టీ ఉన్నచో అది విజయపతకము. ఆఱు కోణముల కంచు నక్షత్రములు రెండవ యుద్ధమునాటివి. బర్మా, ఆఫ్రికా మున్నగు రంగముల పేర్లు వానిపైననే యుండును. భారతదేశపు పటము గల పతకము ఆ యుద్ధకాలమున మూడేండ్లు సేవచేసిన భారతసైనికులకు ఇయ్యబడినది.

పిమ్మట భూతద్దముతో అంచును చూడుడు. మొదటి యుద్ధపు గుండ్రని పతకముల అంచున సంఖ్య, హోదా, పేరు, దళము అచ్చొత్తబడి యుండును. పేరుకంటె సంఖ్య ముఖ్యము. ఒకే పేరుగలవారు పెక్కురుందురు. అయినను సంఖ్యను దళముతో కలిపియే చదువవలెను. ఒక దళములోని సంఖ్యయే వేఱొక దళములో మఱియొకనికి ఉండవచ్చును.

నే నెఱిగిన యొక కుటుంబమువారు తమ తాతగారు బస్రాలో తుపాకి పట్టి పోరాడెనని మూడు తరములుగా చెప్పుకొనుచుండిరి. అంచు చదువగా “పోర్టరు దళము” అని యున్నది. అనగా మూటలు మోయు దళము. పతకమును వెండిది కాదు, కంచుది. పోరాడువారికి వెండి, కూలిదళములవారికి కంచు అని ఆనాటి ప్రభుత్వము తారతమ్యము పాటించెను. పెద్దమనుమడు చిన్నబోయి, “అయితే మా తాత కూలివాడా?” అని పతకమును మరల ముడివేయబోయెను.

నే నాతనితో చెప్పినది మీకును చెప్పెదను. 1916 ఏప్రిల్ 29వ తేదీన మెసపొటేమియాలోని కూట్ పట్టణమున ముట్టడిలో చిక్కిన సేన ఆకలిచే లొంగిపోయెను. బస్రా రేవున సరకు దింపుటకు జనమును, టైగ్రిస్ నదిపై దానిని చేర్చుటకు పడవలును చాలకపోవుట అందుకొక కారణము. తరువాత భారతదేశమునుండి వేలకొలది కూలీలను కొనిపోయి ఆ కొఱత తీర్చిరి. ఆ యుద్ధమున పోరాటేతరులుగా సేవచేసిన భారతీయులు అయిదు లక్షలకు పైబడినవారు. మోయువాడు లేనిదే పోరాడువానికి తిండి లేదు, గుండు లేదు. అబద్ధపు తుపాకికంటె నిజమైన మూట గౌరవప్రదము. ఆ పతకము నేడు వారి పటముల ప్రక్కన గోడమీద నున్నది.

దళము తెలిసిన పిమ్మట వెదకుట సులభము. సాపర్ల దళమునకు బెంగుళూరును, మద్రాసు రెజిమెంటునకు నీలగిరులలోని వెల్లింగ్టనును నిలయములు. యుద్ధమృతుల పేర్లను కామన్వెల్తు యుద్ధసమాధుల సంఘము జాబితాలుగా ఉంచినది. పింఛను కాగితము, విడుదల పత్రము, పాత ఉత్తరము ఇంట నున్నచో పతకముతో సరిపోల్చుడు. కుదువలో వచ్చిన పరుల పతకము మన తాతగారిదిగా చెలామణి యగుటయు కలదు.

కడపట నొక మనవి. చింతపండుతో తోమకుడు, అక్షరములు అరిగిపోవును. వెండిధర పెరిగినప్పుడెల్ల ఎన్నో పతకములు కంసాలి మూసలో కరగిపోయినవి. ధరలేని కంచు మాత్రము మిగిలినది. తులము వెండికి వచ్చు సొమ్ము నెలనాళ్లకు చాలదు. అంచుననున్న పేరు కరగినచో మరల రాదు. ఈ రాత్రియే ఆ ముడి విప్పి, అక్షరములు వ్రాసికొని, మనుమలకు వినిపింపుడు.