చవక హెడ్‌ఫోన్ల విలువ నిర్ణయం: ధ్వని, సౌఖ్యం, మన్నిక ప్రమాణాల చారిత్రక పరిశీలన

వ్యాససంగ్రహం

హెడ్‌ఫోన్‌ను కొనేవారు సాధారణంగా ధ్వని, సౌఖ్యం, మన్నిక అనే మూడు ప్రమాణాలతో దానిని తూచి చూస్తారు. ఈ మూడూ ఒకే కాలంలో స్థిరపడినవి కావు. ఒకే రకమైన శ్రోత అవసరం నుంచి వచ్చినవీ కావు. 1891 నాటి మెర్కాదియే పేటెంటు మొదలుకొని నేటి తీగలేని పరికరాల వరకు వీటి పరిణామాన్ని ఈ వ్యాసం పరిశీలిస్తుంది. ధ్వనిని కొలిచే శాస్త్రం ఎదిగి, చవక పరికరానికి కొంత న్యాయం చేసిన కాలంలోనే మన్నిక కొనుగోలుదారు కంటికి ఆనని విషయంగా మారిందని ప్రతిపాదిస్తుంది.

కీలకపదాలు: హెడ్‌ఫోన్, శ్రవణ చరిత్ర, ధ్వనిశాస్త్రం, మన్నిక, భాషా ప్రయోగశాల.

ఉపోద్ఘాతం

మన కళాశాలల్లో హెడ్‌ఫోన్ నిత్యోపకరణమైంది. ఇంజనీరింగ్ విద్యలో ఆంగ్ల భాషా ప్రయోగశాల పాఠ్యప్రణాళికలో భాగం. 2020 నాటి కరోనా కాలంలో తరగతి గది మొత్తం విద్యార్థి చెవిలోకి చేరింది. క్షేత్ర పరిశోధనలో సేకరించిన మౌఖిక కథనాలను వ్రాతలోకి తెచ్చే పరిశోధకులు గంటల తరబడి దీనిని ధరిస్తున్నారు. అయినా దీని కొనుగోలు పత్రాల్లో తరచు కనిపించేవి రెండే అంకెలు: ఎన్ని జతలు, జత ఎంత. ఆ రెండింటికీ అందని గుణాలను ఎవరు, ఎప్పుడు, ఎందుకు పట్టించుకున్నారన్నది తెలిస్తే నేటి చవక వస్తువును దేనితో తూచాలో కొంత స్పష్టమవుతుంది.

బరువు, ఫిర్యాదు

తొలి హెడ్‌ఫోన్లు ఉద్యోగుల కోసం పుట్టాయి, రసికుల కోసం కాదు. టెలిఫోన్ ఎక్స్ఛేంజీలో పనిచేసే మనిషికి రెండు చేతులూ ఖాళీగా ఉండాలి. ఫ్రెంచి ఇంజనీరు ఎర్నెస్ట్ మెర్కాదియే 1891లో అమెరికాలో పేటెంటు పొందిన పరికరంలో చెవి రంధ్రాల్లో అమరే రెండు చిన్న రిసీవర్లున్నాయి. చెవికి రాపిడి తగలకుండా వాటికి రబ్బరు తొడుగులున్నాయి. బరువు సుమారు 50 గ్రాములు. పని చేస్తున్నంతసేపూ తలపై మోయగలిగేంత తేలికగా ఉండటమే దాని గొప్ప. నాదం శ్రావ్యంగా ఉందా అన్న ప్రశ్న అక్కడ లేదు; మాట అర్థమైతే చాలు. వినోదం కోసం రెండు చెవులతో వినడం అప్పటికే మరో దారిలో మొదలైంది. 1881లో పారిస్ ప్రదర్శనలో క్లెమాఁ అడేర్ టెలిఫోన్ తీగల మీదుగా సంగీత నాటకాన్ని వినిపించాడు. అయితే సంపన్నులు కాసేపు చెవికి ఆనించుకొని విని వదిలేసే రిసీవరుకు మన్నిక, సౌఖ్యం ప్రశ్నలుగా ఎదురుకాలేదు.

ఆ ప్రశ్నలు నౌకాదళంలో ఎదురయ్యాయి. యూటా రాష్ట్రానికి చెందిన నథానియల్ బాల్డ్విన్ తన ఇంటి వంటగదిలో తయారుచేసిన హెడ్‌ఫోన్ల నమూనాను 1910లో అమెరికా నౌకాదళానికి పంపాడు. నాటి రేడియో సంకేతాన్ని పెంచే సాధనాలు వాడుకలో లేవు. చెవికి చేరేది గాలిలో దొరికినంత శక్తి మాత్రమే. బాల్డ్విన్ ఒక్కొక్క చెవిభాగంలో మైలుకు పైగా పొడవైన సన్నని రాగితీగను చుట్టి, అతి బలహీనమైన సంకేతాన్ని కూడా వినబడేటట్లు చేశాడు. పరీక్షలో అది నెగ్గింది. తరువాత నౌకాదళం నుంచి వచ్చిన అభ్యంతరం ధ్వని గురించి కాదు, తలపట్టీ గురించి. అది ఇబ్బంది పెడుతున్నదన్నారు. బాల్డ్విన్ తోలు తొడిగిన రెండు తీగకడ్డీలతో, జరుపుకోవడానికి వీలైన కొత్త తలపట్టీని రూపొందించాడు. అమెరికా నౌకాదళ సమాచార సాధనాల చరిత్రను రాసిన కెప్టెన్ లిన్‌వుడ్ హోవెత్ 1963 నాటి గ్రంథంలో ఈ ఉదంతాన్ని నమోదు చేశాడు. సౌఖ్యం అనే ప్రమాణం ఇక్కడ అలంకారంగా రాలేదు. మేల్కొని సంకేతం కోసం చెవులప్పగించిన మనిషి ఫిర్యాదుగా వచ్చింది. భాషా ప్రయోగశాలలో వరుసగా రెండు గంటలు కూర్చునే విద్యార్థి ఫిర్యాదూ ఇటువంటిదే. దానిని నమోదు చేసేవారు మాత్రం ఉండరు.

మన ప్రాంతపు శ్రోతకూ ఈ దశతో సంబంధముంది. తెలుగు జిల్లాలు కూడా కలిసి ఉన్న నాటి మద్రాసు రాజధానిలో 1924లో మద్రాసు ప్రెసిడెన్సీ రేడియో క్లబ్బు ప్రసారాలు ప్రారంభించి 1927 వరకు కొనసాగించింది. నాటి రేడియో యంత్రాల్లో అన్నిటికన్నా చవకైనది స్ఫటిక గ్రాహకం. దానికి విద్యుత్తు అక్కరలేదు. కాని స్పీకరును పలికించే శక్తి కూడా లేదు కనుక హెడ్‌ఫోన్ తప్పనిసరి. చేతితో కూర్చుకున్న స్ఫటిక గ్రాహకంలో తరచు హెడ్‌ఫోనే అన్నిటికన్నా ఖరీదైన భాగం. నేడు సెల్‌ఫోను పెట్టెలో ఉచితంగా వచ్చి, తరువాత అదీ మాయమైన వస్తువుకు ఒకప్పుడు ఇంత విలువ!

తేలికదనం తెచ్చిన చిక్కు

ధ్వని గుణం ప్రధాన ప్రమాణమైంది తరువాతి తరంలో. 1937లో జర్మనీలో బేయర్ సంస్థ డి.టి. 48 పేరుతో డైనమిక్ హెడ్‌ఫోన్‌ను వెలువరించింది. 1958లో అమెరికాలోని మిల్వాకీలో జాన్ కాస్ స్టీరియో సంగీతం వినడానికి ఎస్.పి. 3 నమూనాను తెచ్చాడు. చెవిని పూర్తిగా మూసే అటువంటి పరికరాల్లో మంద్రస్థాయి బాగా పలుకుతుంది, బరువు ఎక్కువవుతుంది. ఈ రెండింటికీ కారణం ఒకటే: చెవికీ పరికరానికీ మధ్య గాలి బయటికి పోకుండా బిగించాలి. బిగింపు సడలితే మొదట పోయేది మంద్రధ్వని. కళ్లద్దాల కాడ చెవిమెత్త కింద చిన్న సందు చేసినా ఈ నష్టం వినిపిస్తుంది. కాబట్టి ధ్వని, సౌఖ్యం అనేవి వేరువేరుగా మార్కులు వేయదగిన రెండు పాఠ్యాంశాలు కావు. ఒకే హెడ్‌ఫోన్ ఇద్దరి తలలపై రెండు రకాలుగా పలుకుతుంది.

1968లో సెన్‌హైజర్ సంస్థ హెచ్.డి. 414తో ఈ చిక్కుకు భిన్నమైన పరిష్కారం చూపింది. వెనుకభాగం తెరిచి, చెవిపై పసుపుపచ్చని స్పాంజి ఉంచి, తేలికగా చేసింది. కోటికి పైగా అమ్ముడైనట్లు ఆ సంస్థ చెప్పుకుంటుంది. ధ్వని గురించి దీనిని పొగిడినవారే ఎక్కువ. నా దృష్టిలో దాని అసలు విశేషం వేరే ఉంది. రెండు చెవిభాగాల నుంచీ తీగను ఊడదీయవచ్చు. స్పాంజి మార్చవచ్చు. టంకం పని లేకుండానే సామాన్యుడు దానిని విడదీసి మళ్లీ కూర్చవచ్చు.

1979 జులై 1న సోనీ వాక్‌మన్ జపాన్ విపణిలోకి వచ్చినప్పుడు దానితో వచ్చిన హెడ్‌ఫోన్ బరువు సుమారు 50 గ్రాములు. అప్పటి సాధారణ హెడ్‌ఫోన్లు 300 గ్రాములకు తగ్గేవి కావు. మెర్కాదియే చేరుకున్న బరువుకే ఎనభై ఎనిమిదేళ్ల తరువాత పరిశ్రమ మళ్లీ వచ్చింది. ఈసారి మాట కోసం కాదు, నడుస్తూ వినే పాట కోసం. 1984లో కాస్ తెచ్చిన పోర్టా ప్రో ఈ వర్గానికి చెందినదే. నలభై ఏళ్లు దాటినా దాదాపు అదే రూపంతో నేటికీ అమ్ముడవుతున్నది. చవక వస్తువు తాత్కాలికమన్న నమ్మకానికి ఇది గట్టి ప్రత్యుదాహరణ.

చెవికి కొలబద్ద

ధ్వనిని కేవలం అభిరుచికి వదలనవసరం లేదని 1933లో ఫ్లెచర్, మన్సన్‌ల పరిశోధన సూచించింది. శబ్దం మెల్లగా ఉన్నప్పుడు మంద్రస్థాయి మనకు ఇంకా తక్కువగా వినిపిస్తుంది. పెంచితే నిండుగా తోస్తుంది. దుకాణంలో రెండు హెడ్‌ఫోన్లను పోల్చేటప్పుడు ఏది కొంచెం గట్టిగా పలికితే అదే మేలనిపించడానికి ఇదొక కారణం. స్థాయులు సమం చేయకుండా ఇచ్చే తీర్పు ధ్వని గుణం మీద తీర్పు కాదు.

హార్మన్ సంస్థలో శాన్ ఆలివ్, టాడ్ వెల్టీ తదితరులు 2012 ప్రాంతం నుంచి జరిపిన శ్రవణ పరీక్షలు మరొక అడుగు వేశాయి. మంచి గదిలో మంచి స్పీకరు పలికే తీరుకు దగ్గరగా ఉన్న హెడ్‌ఫోన్‌నే అధికసంఖ్యాకులు ఇష్టపడతారని అవి తేల్చాయి. 2017లో అమెరికా ధ్వనిశాస్త్ర సంఘం పత్రికలో జెరోన్ బ్రేబార్ట్ ప్రచురించిన పరిశీలన మన చర్చకు మరింత ముఖ్యం. 283 హెడ్‌ఫోన్ల పౌనఃపున్య ప్రతిస్పందనను ధరలతో పోల్చి, రెండింటికీ సహసంబంధం లేదని ఆయన చూపాడు. ఎక్కువ ధర పెట్టినంత మాత్రాన మెరుగైన స్వరసమతుల్యత దొరకదని దీని అర్థం. అయితే ఈ ఫలితాన్ని అతిగా సాగదీయకూడదు. ఆయన కొలిచింది మూడు ప్రమాణాల్లో ఒకదానిని, అందులోనూ ఒక పార్శ్వాన్ని. చెవిమెత్త ఎన్నాళ్లుంటుందో ఆ కొలతలో లేదు.

తెలుగు శ్రోత ఈ విషయాన్ని యంత్రం లేకుండానే కొంత పరీక్షించవచ్చు. పాత టెలిఫోన్ మార్గం 300 నుంచి 3400 హెర్ట్జ్‌ల మేరకే ధ్వనిని పంపేది. ‘స’కార శక్తిలో అధికభాగం ఆ పరిధికి పైన ఉంటుంది. అందుకే ఫోనులో పేర్లు చెప్పేటప్పుడు ‘స’, ‘ఫ’లు కలగాపులగమవుతాయి. ఇంటర్వ్యూలను వ్రాతలోకి దించే పరిశోధకునికి ‘శ’కార ‘స’కారాలు విడివిడిగా, చెవిని గీరకుండా పలికే హెడ్‌ఫోన్ కావాలి. మంద్రస్థాయికి మృదంగపు తొప్పి మంచి సాక్షి. ఆ నాదం గుంభనంగా మొదలై సకాలంలో ఆగాలి. పక్కనున్న గాత్రం మీదికి పొర్లితే మంద్రాన్ని కృత్రిమంగా ఉబ్బించారని గ్రహించాలి. నేటి చవక హెడ్‌ఫోన్లలో ఎక్కువగా కనిపించే దోషమిదే. 1950ల నాటి ఘంటసాల పాటలు ఏకమార్గ ముద్రణలు. వాటిలో విశాలమైన స్టీరియో రంగస్థలం వెతకడం వృథా. గాత్రం స్పష్టంగా తల మధ్యన నిలిస్తే చాలు.

మన్నిక

ధ్వనికి ఇన్ని కొలతలుండగా, మన్నికకు కొనుగోలుదారు చదవగలిగిన అంకె ఏదీ పెట్టె మీద కనబడదు. ఐ.పి.ఎక్స్. 4 వంటి గుర్తు నీటి తుంపరల గురించి చెబుతుందే గాని ఆయుర్దాయం గురించి కాదు. నిజానికి హెడ్‌ఫోన్ చెడిపోయే చోట్లు కొన్నే: పిన్ను దగ్గర తీగ విరగడం, మడతబందు పగలడం, చెవిమెత్త పైపొర ఊడటం. మూడవది మన వాతావరణంలో విశేషంగా గమనించదగింది. చవక చెవిమెత్తలపై తోలులా కనిపించే పాలీయూరిథేన్ పొర తేమకు రసాయనికంగా విచ్ఛిన్నమవుతుంది. కోస్తా జిల్లాల ఉక్కపోతలో చెమట తోడై అది నల్లని పొట్టుగా చెవులకు అంటుకుంటుంది. ధ్వనించే భాగం చెక్కుచెదరకపోయినా వస్తువు చెత్తబుట్టకు చేరుతుంది.

2016లో ఐఫోన్ 7 నుంచి 3.5 మిల్లీమీటర్ల రంధ్రాన్ని తొలగించడం ఈ చరిత్రలో మలుపు. తీగ తెగే సమస్య తీరింది. దాని స్థానంలో బ్యాటరీ వచ్చింది. జిగురుతో మూసిన చిన్న చెవిభాగంలోని లిథియం కణం ప్రతి చార్జింగుతోనూ కొంత సత్తువ కోల్పోతుంది. తీగ తెగితే వీధిచివరి మెకానిక్కు కొత్త పిన్ను అతికేవాడు. జిగురు పెట్టిన బొత్తాన్ని అతడు తెరవలేడు. తీగలేని హెడ్‌ఫోన్ తన ఆయుష్షును లోపల దాచుకొని వస్తుంది, తీగ ఉన్నది దానిని బయటకు చూపిస్తుంది. ఐరోపా సమాజం 2023లో చేసిన బ్యాటరీల నిబంధన 2027 ఫిబ్రవరి 18 నుంచి, కొన్ని మినహాయింపులతో, పరికరాల బ్యాటరీలను వాడుకరే తీసి మార్చుకోగలిగేలా ఉండాలంటుంది. 1968 నాటి హెచ్.డి. 414 ఏ చట్టమూ లేకుండా ఇచ్చిన సౌలభ్యం వంటిదే ఇది.

అతి తక్కువ ధర చెప్పినవారికే కొనుగోలు దక్కే పద్ధతిలో ఈ తేడా కనిపించదు. ఊడదీయగల తీగ ఉందా, విడి చెవిమెత్తలు విపణిలో దొరుకుతాయా, మడతబందు మరలతో ఉందా జిగురుతోనా అన్న మూడు ప్రశ్నలను కొనుగోలు పత్రంలో షరతులుగా చేర్చడానికి అదనపు ఖర్చు లేదు. కొనేముందు ఒక నమూనాను కళ్లద్దాలున్న ఒకరికి, లేని ఒకరికి ముప్పావు గంటసేపు తొడిగి అడగడానికీ లేదు. ప్రయోగశాల నిల్వల పుస్తకంలో ‘చెడిపోయినవి’ అన్న ఒక్క గడికి బదులు చెడిపోయిన తేదీ, చెడిన భాగం అని రెండు గడులు పెడితే, రెండు మూడు విద్యా సంవత్సరాల్లో ఆ కళాశాల దగ్గర ఏ విపణి పత్రికలోనూ దొరకని మన్నిక లెక్క తయారవుతుంది.