రంజక్‌దాన్ మీద జింక తల

మ్యూజియానికి వెళితే మనవాళ్లు ఎక్కడ ఆగుతారో గమనించండి. తల్వార్ దగ్గర. దాని మీద ఏ బాద్షా పేరుందో చదివి, పిల్లలకు చూపించి, "చూడు బేటా, మన తారీఖ్!" అంటారు. నేనూ అన్నవాణ్ణే.

ఈసారి నన్ను ఆపింది ఒక చిన్న దంతపు వస్తువు. 17వ శతాబ్దపు మొఘల్ బారూద్‌దాన్. లండన్ విక్టోరియా అండ్ ఆల్బర్ట్ మ్యూజియంలో, న్యూయార్క్ మెట్రోపాలిటన్ మ్యూజియంలో ఇలాంటివి ఉన్నాయి. ఫొటోలు నెట్‌లో ఉంటే, ఇషా నమాజ్ తర్వాత నా కూతురితో కలిసి పెద్దవి చేసుకుని చూశాను.

ఆనాటి బందూక్ తోడేదార్. తోడా అంటే ఒత్తి. గొట్టంలో ముతక మందు దట్టించి, పక్కనున్న చిన్న గుంటలో మెత్తటి మందు పోసేవారు. ఒత్తి నిప్పు ముందు అంటుకునేది దీనికే. షోరా, గంధక్, బొగ్గు కలిపి నూరిన ఈ మెత్తటి మందును రంజక్ అనేవారు, దాన్ని దాచేది రంజక్‌దాన్. చెమ్మ తగిలితే మందు పాడవుతుంది, రవ్వ పడితే ప్రాణం పోతుంది. కొమ్ము, దంతం అందుకు నప్పేవి.

వంపు తిరిగిన ఆ దంతానికి ఒక కొసన జింక తల. వెనక ఒక జంతువు ఒంట్లోంచి ఇంకో జంతువు పుట్టుకొస్తున్నట్టు, ఖాళీ లేకుండా చెక్కాడు కారీగర్.

"జింకను కాల్చే మందు జింక తలలోంచే పోస్తారా, అబ్బా?" అంది నా కూతురు.

జవాబుగా జహంగీర్ సంగతి చెప్పాను. షికార్ అంటే ఆయనకు ప్రాణం. కానీ పెంచుకున్న మన్స్‌రాజ్ అనే జింక చనిపోతే, లాహోర్ దగ్గర షేఖూపురాలో దాని యాద్‌గా ఒక మీనార్ కట్టించాడు, అక్కడ జింకలను వేటాడొద్దని హుకుం ఇచ్చాడు. చంపిన చెయ్యీ, ఏడ్చిన కన్నూ ఒకే మనిషివి.

"మరి ఇది చెక్కినవాళ్ల పేరు?"

మేం చూసిన వాటిలో దేని మీదా లేదు.

మన ఖాన్‌దాన్‌లలో బాద్షాలు ఎందరు? దూది ఏకినవాళ్లు, గిన్నెలకు కళాయి పూసినవాళ్లు, గుర్రాలకు నాడాలు కొట్టినవాళ్లే కదా మన దాదాలు, పర్‌దాదాలు. బారూద్ అన్న మాట బస్సులో గట్టిగా అనడానికి జంకే రోజులివి. ఇలాంటప్పుడు పిల్లలకు తల్వార్ ఒక్కటే చూపిస్తే, మన గురించి బయటివాళ్లు చెప్పే కథనే మనమూ చెప్పినట్టు. మందుపొడి పోసుకునే డబ్బీ మీద కూడా ఇంత ఓపికతో ప్రాణులను చెక్కిన చేతుల హునర్ మన తారీఖ్ కాదా? అవి ఏ మజ్‌హబ్ చేతులైతేనేం?

ఈసారి పిల్లలతో మ్యూజియానికి వెళితే, తల్వార్ పక్కనున్న చిన్న వస్తువుల దగ్గర కూడా కాసేపు ఆగండి.