గ్యాస్ పన్ను పోయి మైలు పన్ను వస్తే... మన కారు ఎక్కడికెళ్లిందో చెప్పాలా?

ఈవీ కొన్నాక గ్యాస్ స్టేషన్ మొహం చూడలేదని సంబరంగా చెప్పుకునే మనవాళ్లు ఎడిసన్ నుంచి ఫ్రీమాంట్ దాకా ప్రతి ఊళ్లోనూ ఉన్నారు. రిజిస్ట్రేషన్ బిల్లు వచ్చే రోజున మాత్రం ఆ సంబరం కాస్త తగ్గుతుంది. టెక్సాస్‌లో 2023 సెప్టెంబర్ నుంచి ఈవీలకు ఏటా 200 డాలర్లు అదనం. కొత్త కారైతే రెండేళ్లకు కలిపి 400 డాలర్లు ముందే కట్టాలి. న్యూజెర్సీలో 2024 జూలైలో 250 డాలర్లతో మొదలైన ఫీజు 2028 దాకా ఏటా 10 డాలర్ల చొప్పున పెరుగుతుంది. అక్కడ కొత్త ఈవీ కొంటే నాలుగేళ్ల ఫీజు ఒకేసారి కట్టాలి.

ఈ వార్షిక ఫీజుల తర్వాతి మెట్టు మైలేజీ చార్జి. అంటే గ్యాలన్‌కి ఇంత అని కాకుండా, తిరిగిన మైలుకి ఇంత అని రోడ్డు పన్ను కట్టడం. ఈ మాట వినగానే చాలామంది అడిగేది ఒక్కటే: "కారుకి ట్రాకర్ పెడతారా?" పెట్టక్కర్లేదు. ఎన్ని మైళ్లు తిరిగామో లెక్క చెప్పడం వేరు, ఎక్కడికి వెళ్లామో చెప్పడం వేరు. ఈ తేడా తెలిసి ఎంచుకుంటే బిల్లు కట్టి కూడా మన తిరుగుడు వివరాలు మన దగ్గరే ఉంచుకోవచ్చు.

అసలు గ్యాస్ పన్నుకి ఏమైంది?

అమెరికాలో గ్యాస్ మీద పన్ను వేసిన మొదటి రాష్ట్రం ఒరెగాన్. 1919లో గ్యాలన్‌కి ఒక సెంటు వేసింది. ఫెడరల్ పన్ను ఇప్పుడు గ్యాలన్‌కి 18.4 సెంట్లు, డీజిల్‌కి 24.4 సెంట్లు. ఈ రేట్లు 1993 తర్వాత మారలేదు. ఆనాటి 18 సెంట్లతో కొనగలిగే తారు, సిమెంటు, కూలీ ఈనాడు రావు. పైగా కార్ల మైలేజీ పెరిగింది, ఈవీలు వచ్చాయి. హైవేల కోసం 1956లో పెట్టిన హైవే ట్రస్ట్ ఫండ్ సొంత రాబడితో నడవలేక, 2008 నుంచి సాధారణ ఖజానా నుంచి డబ్బు తెచ్చుకుంటోంది.

ఏడాదికి 12,000 మైళ్లు తిరిగే మూడు కార్లను చూద్దాం. గ్యాలన్‌కి 20 మైళ్లు ఇచ్చే పెద్ద ఎస్‌యూవీ 600 గ్యాలన్లు తాగుతుంది, ఫెడరల్ పన్ను 110 డాలర్ల 40 సెంట్లు. 50 మైళ్లు ఇచ్చే హైబ్రిడ్‌కి 240 గ్యాలన్లు, పన్ను 44 డాలర్ల 16 సెంట్లు. ఈవీకి సున్నా. మూడూ తిరిగింది అదే రోడ్డు మీద. 2025లో ఈవీలకు ఏడాదికి 250 డాలర్ల ఫెడరల్ ఫీజు వేయాలన్న ప్రతిపాదన ప్రతినిధుల సభ బిల్లులో వచ్చింది కానీ, చివరికి చట్టంలోకి రాలేదు. రాష్ట్రాలు మాత్రం ఎవరి దారి వాళ్లు వెతుక్కుంటున్నాయి.

ఇప్పటికే ఎక్కడెక్కడ ఉంది?

ఒరెగాన్: 2013లో చట్టం చేసి, 2015 జూలైలో ఒరెగో అనే స్వచ్ఛంద పథకం మొదలుపెట్టింది. మొదటి రేటు మైలుకి 1.5 సెంట్లు. మైలు చార్జి కట్టిన వాళ్లకు గ్యాస్ మీద కట్టిన రాష్ట్ర పన్నును లెక్కలో తగ్గిస్తారు.

యూటా: 2020 జనవరి నుంచి ఈవీ యజమానులు వార్షిక ఫీజు కట్టడమో, మైలు లెక్కన కట్టడమో ఎంచుకునే వీలు తెచ్చింది.

వర్జీనియా: గ్యాలన్‌కి 25 మైళ్లు, ఆపైన ఇచ్చే కార్లకు, ఈవీలకు హైవే యూజ్ ఫీజు ఉంది. ఆ ఫీజును ఒకేసారి కాకుండా మైలు లెక్కన కట్టుకునే మైలేజ్ ఛాయిస్ పథకం 2022లో వచ్చింది. ఆష్‌బర్న్, హెర్న్‌డన్ వైపు ఉండి, వర్క్ ఫ్రమ్ హోమ్ వల్ల కారు పెద్దగా తీయని వాళ్లకు ఇది పనికొస్తుంది.

హవాయి: 2025 జూలై నుంచి ఈవీ యజమానులు ఏడాదికి 50 డాలర్లు కట్టాలి, లేదా 1,000 మైళ్లకు 8 డాలర్లు కట్టాలి. మైలు లెక్క ఎంచుకున్నా 50 డాలర్లు దాటదు. అంటే ఏడాదికి 6,250 మైళ్ల లోపు తిరిగే వాళ్లకు మైలు లెక్కే లాభం. 2028 జూలై నుంచి ఈవీలకు మైలు లెక్క తప్పనిసరి. ఇక్కడ గమనించాల్సింది, మైళ్లు తీసుకునేది ఏటా జరిగే సేఫ్టీ చెక్‌లో ఓడోమీటర్ చూసి.

దేశం బయట న్యూజిలాండ్‌ది పాత అనుభవం. అక్కడ డీజిల్ బళ్లకు 1970ల చివరి నుంచే దూరాన్ని బట్టి చార్జి ఉంది. 2024 ఏప్రిల్ నుంచి ఈవీలను కూడా అందులోకి తెచ్చారు. వెయ్యి కిలోమీటర్ల చొప్పున ముందే లైసెన్స్ కొనుక్కోవాలి, ఓడోమీటర్ అది దాటకుండా చూసుకోవాలి. జీపీఎస్ అనే మాట సామాన్యుడికి తెలియని రోజుల్లోనే మొదలైన పద్ధతి అది. బ్రిటన్ కూడా 2025 నవంబర్ బడ్జెట్‌లో 2028 ఏప్రిల్ నుంచి ఈవీలకు మైలుకి 3 పెన్నీల చార్జి ప్రకటించింది.

మైళ్లు లెక్కపెట్టే దారులు

ఒకటి, ఓడోమీటర్ రీడింగ్. ఇన్‌స్పెక్షన్‌లో చూసి రాసుకుంటారు, లేదా ఫోన్‌తో ఫొటో తీసి పంపమంటారు. ప్రభుత్వానికి వెళ్లేది ఒక్క అంకె. ఓడోమీటర్ వెనక్కి తిప్పి మోసం చేయడం ఫెడరల్ నేరం కాబట్టి ఆ అంకెకి విలువ ఉంది.

రెండు, డ్యాష్‌బోర్డు కింద ఉండే ఓబీడీ పోర్టులో గుచ్చే చిన్న పరికరం. ఇందులో లొకేషన్ లేనిది, ఉన్నది అని రెండు రకాలు. లొకేషన్ లేనిది దూరం మాత్రమే పంపుతుంది.

మూడు, కారులోనే ఉన్న కనెక్షన్. ఓబీడీ పోర్టు మామూలు పద్ధతిలో లేని ఈవీలకు ఇది వాడతారు. ఇక్కడ మన కార్ కంపెనీ అకౌంట్‌లోకి మైలేజీ సంస్థకు అనుమతి ఇవ్వాలి. ఆ అనుమతి ఓడోమీటర్ అంకె వరకేనా, లొకేషన్ కూడా ఇస్తున్నామా అన్నది చదివాకే ఓకే నొక్కాలి.

జీపీఎస్ గురించి ఒక అపోహ ఉంది. ఉపగ్రహం మన కారును చూడదు. పైనుంచి వచ్చే సంకేతాలతో మన పరికరమే తానెక్కడుందో లెక్కగట్టుకుంటుంది. దాన్ని దాచుకోవడం, బయటికి పంపడం తర్వాత జరిగే వేరే పని. ఆ పని ఎవరు చేస్తున్నారు, ఎన్నాళ్లు ఉంచుతున్నారు అన్నదే అసలు ప్రశ్న.

మరి లొకేషన్ ఎందుకు అడుగుతారు?

న్యాయమైన కారణం ఒకటుంది. పక్క రాష్ట్రంలో తిరిగిన మైళ్లకు, ప్రైవేటు రోడ్ల మీద తిరిగిన మైళ్లకు మన రాష్ట్రం చార్జి వేయకూడదు. అవి తీసేయాలంటే కారు ఎక్కడుందో తెలియాలి.

ఇక్కడ మనం వేసుకోవాల్సిన లెక్క చిన్నదే. మైలుకి 2 సెంట్లు అనుకుందాం. బంధువుల ఇంటికీ, గుడికీ ఏడాదిలో 1,500 మైళ్లు పక్క రాష్ట్రంలో తిరిగితే మిగిలేది 30 డాలర్లు. ఆ 30 డాలర్ల కోసం ఏడాది పొడవునా ప్రతి ప్రయాణం వివరం ఇవ్వడం మనకిష్టమా? రోజూ సరిహద్దు దాటి ఉద్యోగానికి వెళ్లే మనిషికి జవాబు వేరుగా ఉండొచ్చు. ఎక్కువమందికి మాత్రం ఓడోమీటరే చాలు.

లొకేషన్‌తో ఏం తెలిసిపోతుంది?

దాచడానికి నా దగ్గర ఏముంది అనుకుంటాం. కారు ప్రతి మంగళవారం ఏ ఆస్పత్రి ముందు ఆగుతోందో చూస్తే ఇంట్లో ఎవరికి ఏ జబ్బో ఊహించవచ్చు. హెచ్1బీ మీద ఉన్న వ్యక్తి మధ్యాహ్నం వేరే కంపెనీ పార్కింగ్‌లో రెండు గంటలున్నాడంటే ఇంటర్వ్యూ అని అర్థమవుతుంది. ఇమిగ్రేషన్ లాయర్ ఆఫీసు, ప్రార్థనా స్థలం, యూనియన్ మీటింగ్ అన్నీ అలాంటివే. టోల్ కోసం పెట్టిన ఈజీపాస్ రికార్డులు విడాకుల కేసుల్లో సాక్ష్యంగా కోర్టుకెక్కిన ఉదాహరణలు ఇదివరకే ఉన్నాయి. ఒక పని కోసం సేకరించిన సమాచారం ఇంకో పనికి ఎలా వెళ్తుందో అదే చెబుతుంది.

ఇంకో సంగతి మన ఇళ్లకు సంబంధించింది. చాలా కుటుంబాల్లో రెండు కార్లూ, అకౌంట్లూ భర్త పేరు మీదే ఉంటాయి. ట్రిప్పుల చిట్టా చూపించే సర్వీసు తీసుకుంటే, భార్య ఎక్కడికి వెళ్లిందో అకౌంట్ ఉన్న వ్యక్తికి కనిపిస్తుంది. కాపురం సజావుగా ఉన్నప్పుడు దీన్నెవరూ పట్టించుకోరు. హింస నుంచి తప్పించుకుని సాయం కోసం వెళ్లే మహిళకు అదే ప్రమాదం.

చట్టం ఏమంటోంది?

ఒరెగాన్ చట్టంలో రెండు మంచి నిబంధనలున్నాయి. బిల్లు చెల్లింపు, వివాదం, విచారణ ఏదుంటే అది ముగిశాక 30 రోజుల్లో లొకేషన్, రోజువారీ వాడకం రికార్డులు చెరిపేయాలి. పోలీసులకు ఇవ్వాలంటే తగిన కారణం చూపించి తెచ్చిన కోర్టు ఉత్తర్వు ఉండాలి. ఏ రాష్ట్రం కొత్త పథకం తెచ్చినా మనం కొలమానంగా పెట్టుకోదగ్గవి ఇవి.

సుప్రీంకోర్టు 2012లో జోన్స్ కేసులో, కారుకి పోలీసులు జీపీఎస్ పరికరం తగిలించడం రాజ్యాంగం ప్రకారం సోదా కిందికే వస్తుందని చెప్పింది. 2018లో కార్పెంటర్ కేసులో ఫోన్ టవర్ల పాత లొకేషన్ రికార్డులకు కూడా సాధారణంగా వారెంట్ కావాలంది. ఈ రెండూ ప్రభుత్వాన్ని కట్టడి చేసేవి. ప్రైవేటు కంపెనీలు సమాచారం అమ్ముకోవడం వేరే కథ. డ్రైవర్ల లొకేషన్, డ్రైవింగ్ తీరు వివరాలను సరైన సమ్మతి లేకుండా సేకరించి అమ్మిందంటూ జనరల్ మోటార్స్ మీద ఫెడరల్ ట్రేడ్ కమిషన్ 2025 జనవరిలో చర్య ప్రకటించింది. అంటే మైలు పన్ను రాకముందే కొన్ని కార్లు మన జాడ చెప్పేస్తున్నాయి.

ఎంచుకునే ముందు చూసుకోవాల్సినవి

- లొకేషన్ లేని పద్ధతి ఉందా? ఉంటే రేటులో తేడా ఎంత?
- అకౌంట్ నడిపేది రాష్ట్రమా, ప్రైవేటు సంస్థా? రికార్డులు ఎన్ని రోజులకు చెరిపేస్తారు?
- ఆ సమాచారం ఇన్సూరెన్స్ కంపెనీకి వెళ్తుందా? డిస్కౌంట్ ఇస్తామన్న చోట ఈ ప్రశ్న తప్పకుండా అడగండి.
- ట్రిప్పుల వివరాలు యాప్‌లో ఇంకెవరికి కనిపిస్తాయి?
- కారు అమ్మే రోజు ఓడోమీటర్ ఫొటో తీసుకుని, పరికరం తీసేసి, అకౌంట్ మూసేశారా?
- మీ ఏడాది మైళ్లతో గుణిస్తే వార్షిక ఫీజు చవకా, మైలు లెక్క చవకా?

ఇండియాలోనూ ఇదే ప్రశ్న

సెలవులకు వెళ్లి హైదరాబాద్, విజయవాడ మధ్య తిరిగే వాళ్లకు ఫాస్టాగ్ తెలిసిందే. 2024 సెప్టెంబర్‌లో నిబంధనలు మార్చి, ఉపగ్రహ ఆధారిత టోల్‌కి దారి తెరిచారు. ఆ పద్ధతిలో ఉన్న బళ్లకు రోజుకి మొదటి 20 కిలోమీటర్లు ఉచితమన్నారు. 2025 మే 1 నుంచి దేశమంతా అమలవుతుందన్న ప్రచారాన్ని మాత్రం కేంద్ర రోడ్డు రవాణా శాఖ ఏప్రిల్‌లో ఖండించింది. అది ఎప్పుడొచ్చినా అక్కడి మన కుటుంబాలు అడగాల్సినవీ పై ప్రశ్నలే.

రోడ్డు వాడుకున్నందుకు పన్ను కట్టడంలో తప్పేమీ లేదు. ఈవీ ఉన్నవాడు కూడా ఆ రోడ్డు మీదే పిల్లల్ని స్కూలుకి దింపుతున్నాడు. ఎంత రేటు, ఏ పద్ధతి అన్నవి రాష్ట్ర చట్టసభల్లో తేలతాయి. గ్రీన్‌కార్డు క్యూలో ఉన్నవాళ్లకు ఓటు లేకపోవచ్చు. బిల్లు మీద ప్రజాభిప్రాయం అడిగినప్పుడు రాతపూర్వకంగా తమ మాట పంపడానికి మాత్రం పౌరసత్వం అడ్డు కాదు. మీ రాష్ట్రంలో ఈ బిల్లు వస్తే ఒక్క వాక్యం రాసినా చాలు: ఓడోమీటర్ పద్ధతి అందరికీ అందుబాటులో ఉండాలి, దాన్ని ఎంచుకున్నందుకు అదనపు రుసుము ఉండకూడదు.