చలిజ్వరము: గాజుపలక, కార్డు పరీక్ష

ప్రత్తియు మిరపయు పండు గుంటూరు, ప్రకాశం నల్లరేగడి నేలలకు కోతల కాలమున కర్నూలు మొదలగు ప్రాంతములనుండి కూలిజనము పిల్లాపాపలతో తరలివచ్చుట క్రొత్త గాదు. వారిలో నొకరికి చలితో జ్వరము వచ్చినచో, అది మలేరియాయా, కాదా? ఈ ప్రశ్నకు బదులు చెప్పు విద్యకు తెలుగునేలతో పాత చుట్టరికము కలదు.

1880 లో అల్జీరియాలో లావెరాన్ అను ఫ్రెంచి వైద్యుడు రోగి రక్తములో మలేరియా క్రిమిని తొలిసారి చూచెను. 1897 ఆగస్టు 20 వ తేదీన సికిందరాబాదులో రోనాల్డ్ రాస్ దానినే దోమ పొట్టగోడలో, నల్లని రేణువులనుబట్టి పోల్చుకొనెను. ఆ దోమలచే కుట్టించుకొన్నవాడు హుసేన్ ఖాన్ అను రోగి. దోమకొక అణా చొప్పున అతనికి ముట్టెను. రాస్‌తోపాటు అతని పేరును చరిత్రలో నిలుచుట న్యాయమే.

1958 లో మలేరియా నిర్మూలన పథకము ఆరంభమైన పిమ్మట, పక్షమున కొకసారి కార్యకర్త ఇంటింటికి వచ్చి, జ్వరపీడితుని వ్రేలినుండి రక్తపుచుక్క గాజుపలకపై తీసి, క్లోరోక్విన్ బిళ్ళలిచ్చి పోయెడివాడు. పలక ప్రయోగశాల చేరవలెను, రంగు వేయవలెను, సూక్ష్మదర్శినితో ఓపికగా వెదకవలెను. ఫలితము గ్రామమునకు తిరిగివచ్చుసరికి వలసకూలి మరియొక ఊర నుండవచ్చును. వ్యాధి తగ్గినట్లే తగ్గి మరల విజృంభించెను. 1976 లో దేశమున 64 లక్షలకు పైగా రోగులు లెక్కకు వచ్చిరి.

కార్డు పరీక్ష ఈ జాప్యమును తొలగించినది. చుక్క రక్తము, కొంచెము ద్రావకము, పావుగంట లేక ఇరువది నిమిషములు: గీత కనబడును. కరెంటు అక్కరలేదు. 2013 నాటి జాతీయ విధానములో ఫాల్సిపారం, వైవాక్స్ రెండింటిని గుర్తించు కార్డులకు చోటు లభించెను.

అయితే కార్డు క్రిమిని చూడదు. క్రిమి విడిచిన మాంసకృత్తును మాత్రమే పసిగట్టును. మైక్రోలీటరు రక్తములో క్రిములు నూరింటికి తక్కువయైనచో అది తప్పిపోవచ్చును. నేర్పరి సూక్ష్మదర్శినితో అంతకంటె తక్కువను గూడ పట్టగలడు. ఆ మాంసకృత్తునే తయారుచేయని ఫాల్సిపారం క్రిములు కలవని 2010 లో పెరూదేశమునుండి వెల్లడియైనది. అట్టి క్రిమి యెదుట ఆ గీతకు దిక్కులేదు.

మరియొక చిక్కు: ఫాల్సిపారం నయమైన పిదపకూడ ఆ మాంసకృత్తు కొన్ని వారములు రక్తములో నిలిచియుండును, కార్డు ఇంకను రోగమున్నదనియే చూపును. కావున ఇటీవల మలేరియాకు మందు వాడినవారు ఆ సంగతి పరీక్ష చేయువారికి ముందే చెప్పి, గాజుపలకపై రక్తము తీయుమని కోరవలెను.